చెయ్యే కాటా

బజారులో ఆయన్ని అందరూ అరగ్రాము అంటారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు గానీ, ఆయన వీధి మొదట్లో కనిపించగానే "అరగ్రాము వస్తున్నాడు" అన్న కబురు ఆయన కంటే ముందే చివరి కొట్టు దాకా వెళ్లిపోతుంది. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. ముప్పై రెండేళ్లుగా కాటాలు పరీక్షించి, సరిగ్గా తూగేవాటికి సీలు వేసి, తూగనివాటిని పక్కన పెట్టించడం ఆయన పని. ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరవుతాడు. ఇన్నేళ్లలో ఎవరికీ అరగ్రాము కూడా వదల్లేదని ఆయన గర్వం. జనానికి ఆయన మీద ఉన్న ఫిర్యాదూ అదే.

కాటాలతో సరిపెట్టుకుంటే గొడవే లేకపోయేది. ఇంటికొచ్చి మాటల్ని కూడా తూస్తాడు. ఎవరు ఏం చెప్పినా "దానికి ఆధారం ఏమిటి?" అంటాడు. పెళ్లయిన కొత్తలో భార్య పాపం "మీరు నవ్వితే బాగుంటారండీ" అంటే, "ఎవరితో పోలిస్తే?" అని అడిగాడట. ఆవిడ మళ్లీ ఆ మాట అనలేదు. ఆయన మళ్లీ నవ్వనూ లేదని ఆవిడే చెబుతుంది.

ఆయన దగ్గర అట్టవేసిన పొడవాటి నోటుపుస్తకం ఒకటుంది. ఎడమ పేజీలో జనం చెప్పుకునే మాట, కుడి పేజీలో దానికి ఆధారం. ఉంది, లేదు, తెలీదు, ఈ మూడే జవాబులు. చెప్పొద్దూ, అందులో తెలీదులే ఎక్కువ.

"ఇన్ని తెలీదులు రాసుకోవడానికి పుస్తకం దేనికండీ? ఊరికే కూర్చున్నా తెలీదే కదా" అంది భార్య ఒకసారి.

"ఊరికే కూర్చుంటే తెలీదన్న సంగతి కూడా తెలీదు" అన్నాడాయన.

రోజుకు ఎనిమిది గ్లాసుల నీళ్లు తాగాలని ఎవరో చెబితే మామూలు మనిషి తాగుతాడు, లేదా ఊరుకుంటాడు. ఈయన "ఎవరి గ్లాసు?" అన్నాడు. ఇంట్లో ఉన్న గ్లాసులన్నీ వంటింటి గట్టు మీద వరసగా పెట్టి, ఆఫీసు నుంచి తెచ్చిన కొలజాడీతో కొలిచాడు. అన్నిటికంటే చిన్నది నూట ఎనభై మిల్లీలీటర్లు, పెద్దది మూడు వందల పది. ఎనిమిదితో హెచ్చవేస్తే రెండింటికీ మధ్య లీటరుకు పైగా తేడా. "కొలత లేని సలహా, ఆధారం లేదు, దాహం వేస్తే తాగవలెను" అని రాసి కింద సంతకం పెట్టాడు. ఆ పూట భోజనాల వేళ దాకా గట్టు మీద చోటు లేక ఆవిడ కూరలు నేల మీద కూర్చుని తరుక్కుంది.

తడితలతో పడుకుంటే జలుబు చేస్తుందన్న మాట మీదైతే నెల రోజులు పరీక్ష నడిచింది. రోజూ సాయంత్రం నాణెం ఎగరేయడం, బొమ్మ పడితే తలస్నానం చేసి అలాగే పడుకోవడం, బొరుసు పడితే పొడితలతో పడుకోవడం. తడవడానికి ఆ తల మీద మిగిలిన జుట్టెంతలే గానీ, పద్ధతి పద్ధతే. ఇరవై మూడో రోజున, బొరుసు పడ్డ మర్నాడు, ఆయనకి జలుబు చేసింది. ఆయన సంబరం చూడాలి. ముక్కు కారుతూనే పుస్తకం తెరిచాడు.

"మొన్నటి బొమ్మ ఇవాళ పట్టుకుందిరా" అంది ఆయన అక్క, పక్కగదిలోంచి.

ఆయన కాసేపు ఆలోచించి, న్యాయంగానే, "తెలీదు. ఒక్క తల చాలదు, వంద తలలు కావాలి" అని రాశాడు.

"ఈ ఇంట్లో ఉన్నవే మూడు. అందులో ఒకటి మీది" అంది భార్య.

ఈ అక్క గురించి చెప్పాలి. ఆయన కంటే ఆరేళ్లు పెద్దది. ఆడపిల్లల బళ్లో కుట్టు టీచరుగా చేసి రిటైరైంది. పెళ్లీ గిళ్లీ జోలికి పోకుండా తమ్ముడి ఇంట్లోనే, ముందుగదిలో, కుట్టుమిషను పెట్టుకుని ఉంటుంది. తల్లి పోయాక ఆయనకు ఒకటో క్లాసు చొక్కా దగ్గర్నుంచి ఉద్యోగానికి తొడుక్కెళ్లిన చొక్కా దాకా కుట్టింది ఆవిడే. ప్రపంచంలో ఉన్న చిట్కాలన్నీ ఆవిడ దగ్గరున్నాయి. తమ్ముడు ఆధారం అడిగితే ఆవిడ దగ్గర ఒకే జవాబు. "తేనె సంగతి మర్చిపోయావా?"

మర్చిపోలేడు మరి. దగ్గుకు తేనె మంచిదని ఆవిడ అంటే ఈయన ఎద్దేవా చేశాడు. తీరా వీధి చివరి డాక్టరమ్మను అడిగితే, "దగ్గు కొంచెం నెమ్మదిస్తుందని పరీక్షలు చేసి చూశారండీ, ఏడాది లోపు పిల్లలకు మాత్రం పెట్టకూడదు" అంది. నోరు మూసుకుని "ఉంది" అని రాయాల్సి వచ్చింది. అక్క ఆ పేజీ చించి పటం కట్టించుకునేదే, తమ్ముడు పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేయకపోతే.

ఇంతవరకూ నవ్వులాటే. ఆ వేసవిలో అక్కకు నూట డెబ్బై బీపీ అని తేలినప్పుడు మాత్రం ఆయనకి నవ్వు రాలేదు. డాక్టరమ్మ రోజూ ఒక మాత్ర రాసింది, మానకూడదని రెండుసార్లు చెప్పింది. మూడు వారాలు వేసుకుంది అక్క. నాలుగో వారంలో ముందుగదిలోంచి వెల్లుల్లి వాసన మొదలైంది. ఇన్‌స్పెక్టరు ఊరుకుంటాడా? దారపుండల డబ్బా వెనక మాత్రల అట్ట దొరికింది. పోయిన ఆదివారం పదకొండు ఉన్నాయి, ఈ ఆదివారమూ పదకొండే.

"ఏంటక్కా ఇది?"

"వెల్లుల్లి. రెండు రెబ్బలు పరగడుపున నమిలితే బీపీ దిగిపోతుందట. ఫోన్లో వచ్చింది."

"దానికి ఆధారం..."

"తేనె సంగతి..."

"తేనె వేరు" అన్నాడాయన, గొంతు పెంచి. "వాసన మొదలైన రోజే నేనూ అడిగాను. వెల్లుల్లితో కాస్త దిగితే దిగొచ్చు గానీ మాత్రకి బదులు కాదంది డాక్టరమ్మ. రెండూ కలిపి వేసుకో, ఎవరొద్దన్నారు?"

"దేనికిరా? తలనొప్పా? లేదు. కళ్లు తిరగడమా? లేదు. నాకేం, బాగానే ఉన్నాను. నా ఒంటి సంగతి నాకు తెలీదూ?"

నాకేం, బాగానే ఉన్నాను. సరిగ్గా ఈ మాటే వాళ్లమ్మ అన్నది. అని, బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వెళ్లింది. తడిచీర చేతిలో ఉండగానే పడిపోయింది. అప్పుడు అక్కకి పదకొండేళ్లు, ఆయనకి ఐదు. ఈ సంగతి ఇద్దరికీ గుర్తుంది, ఇద్దరూ ఎత్తరు. ఆయనకి భయం వేసింది. భయం వేస్తే ఆయనకి కోపం వస్తుంది.

"ఒళ్లు చెప్తే సరిపోదక్కా. బీపీ మిషను చెప్పాలి."

అక్క కళ్లజోడు తీసి కుట్టుమిషను మీద పెట్టింది. ఆవిడ కళ్లజోడు తీసిందంటే బళ్లో పిల్లలు బెంచీల కింద దూరేవాళ్లట.

"ఒళ్లు చెప్తే సరిపోదా? మరి నీ చెయ్యి చెప్తే సరిపోతుందేంరా? నా చెయ్యే కాటా అని ముప్పై ఏళ్లుగా ఊరంతా డప్పు కొట్టుకుంటున్నావు కదా. దానికేం ఆధారం? ఏదీ, పుస్తకంలో చూపించు."

పుస్తకంలో లేదు. ఎందుకుంటుంది? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనేవాడు ఆ కాళ్లు లెక్కపెట్టి రాసుకుంటాడా? పొట్లం అరచేతిలో పెట్టుకుని, రెండుసార్లు ఎగరేసి, కళ్లు మూసుకుని "ఇరవై గ్రాములు తక్కువ" అనడం, కాటా మీద పెడితే ఇరవై గ్రాములు తక్కువే ఉండటం బజారులో అందరూ చూసినదే. తప్పిన సార్లు ఆయనకి గుర్తులేవు. గుర్తున్న కొట్టువాళ్లకి చెప్పే ధైర్యం లేదు.

"పెట్టు పరీక్ష" అన్నాడు.

"పెడతా. నీ చెయ్యి గెలిస్తే రేపట్నుంచి మాత్ర వేసుకుంటా. ఓడితే జన్మలో నా మాత్రల జోలికి రాకూడదు."

"ఇదేం పందెం వదినా, ప్రాణాలతో" అంది భార్య గుమ్మంలోంచి.

"ఏం కాదులే. గెలిచే పందెమేగా" అన్నాడాయన. ఆ మాటే కొంప ముంచింది.

ఆదివారం పొద్దున మూలకొట్టాయన తన ఎలక్ట్రానిక్ కాటాను తువ్వాలులో చుట్టుకుని మోసుకొచ్చాడు. పిలవగానే కొట్టు మూసేసి మరీ వచ్చాడు. పంతొమ్మిదేళ్లుగా అరగ్రాము చేత పరీక్షలు చేయించుకున్నవాడు, ఇవాళ అరగ్రాముకే పరీక్ష అంటే ఇంట్లో కూర్చుంటాడా? మొహంలో భక్తి కనిపించేలా జాగ్రత్తపడుతూ గోడవారన నిలబడ్డాడు.

బల్ల మీద రెండు రేకుడబ్బాలు పెట్టింది అక్క. ఒకటి పెద్ద బిస్కెట్ల డబ్బా. రెండోది గుప్పిట్లో పట్టే పౌడరు డబ్బా.

"రెండిట్లో ఏది బరువు? ఎంత బరువు? అంతే."

ఆయన చొక్కాచేతులు మడిచాడు. ఒక్కో చేతిలో ఒక్కో డబ్బా పెట్టుకుని, రెండుసార్లు ఎగరేసి, కళ్లు మూసుకున్నాడు. చేతులు మార్చి మళ్లీ చూశాడు. మొహం విప్పారింది.

"ఇంత తేలిక పరీక్ష పెట్టావేంటక్కా. చిన్నదే బరువు. డెబ్బై గ్రాములు ఎక్కువ. పోనీ, అటో ఐదు ఇటో ఐదు."

కొట్టాయన కాటా వెలిగించాడు. చిన్న డబ్బా పెట్టాడు, ఐదు వందలు. తీసి పెద్ద డబ్బా పెట్టాడు, ఐదు వందలు.

అరగ్రాము వంగి అంకెల్ని దగ్గర్నుంచి చూశాడు.

"కాటా తప్పు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

కొట్టాయన ఆ మాట కోసమే పంతొమ్మిదేళ్లు బతికినట్టున్నాడు. కాటాను మెల్లగా వెనక్కి తిప్పాడు. సన్నటి తీగకు సీసపు సీలు వేలాడుతోంది. "పోయిన నెలే వేశారు సార్. సీలు తమరిదే" అన్నాడు, ఎంతో వినయంగా.

ఇరుక్కుపోయాడు పాపం. కాటా తప్పంటే సీలు తప్పు, సీలు ఒప్పంటే చెయ్యి తప్పు. లోపలికి వెళ్లి ఆఫీసు ఇత్తడి తూకపురాళ్ల పెట్టె తెచ్చి, చేతిగుడ్డతో ఒక్కొక్కటీ పట్టుకుని కాటా మీద పెట్టి చూశాడు. కాటా మచ్చ లేకుండా ఉంది. ఉండదా మరి, చూసి సీలు వేసింది ఎవరు?

అక్క మూతలు తీసింది. చిన్నదాన్నిండా ఇత్తడి గుండీలు. పెద్దదాన్నిండా గుడ్డ పీలికలు, కూరి కూరి పెట్టినవి.

"బళ్లో ప్రతి ఏడూ అడిగేదాన్ని పిల్లల్ని. అందరూ గుండీల డబ్బాయే బరువనేవాళ్లు. చేతికి చిన్నదానిలో అంత బరువుంటుందని తోచదు కదా, అందుకని మోసపోతుంది" అంది అక్క. గెలిచిన మనిషి గొంతది. "పోనీలే, పదేళ్ల పిల్లలూ నీలాగే చెప్పారు."

ఆయన వినడం లేదు. మళ్లీ రెండు డబ్బాలూ ఎత్తాడు. దించాడు. మళ్లీ ఎత్తాడు. మెల్లగా అన్నాడు. "విచిత్రంగా ఉందక్కా. సమానమని ఇప్పుడు తెలుసు. నా కళ్లతో చూశాను. అయినా చిన్నదే బరువుగా ఉంది."

"ఏదీ" అంది అక్క. తనే ఎత్తి చూసింది. నింపింది తను, కొట్టుకెళ్లి తూయించి, నాలుగు గుండీలు తీసి రెండు వేసి సరిచేసింది తను. అయినా చిన్నది చేతిని కిందికి లాగుతోంది. ఆవిడ కళ్లు చిట్లించి ఇంకోసారి ఎత్తింది. తర్వాత డబ్బాలు రెండూ తీసుకుని తన గదిలోకి వెళ్లిపోయింది.

కొట్టాయన కాటా చుట్టుకుని వెళ్లాడు. వీధి మలుపు దాకా ఆపుకుని అక్కడ నవ్వాడని తర్వాత తెలిసింది.

ఆయన పుస్తకం తెరిచాడు. ఎడమ పేజీలో "నా చెయ్యే కాటా" అని రాశాడు. కుడి పేజీలో "లేదు" అని రాయడానికి చాలాసేపు పట్టింది. బజారులో తల ఎలా ఎత్తుకోవాలన్న బాధ కాదది. ఆ రెండక్షరాలతో అక్క మాత్రలు పోయాయి. గొప్పకు పోయి, గెలిచే పందెమనుకుని, తనను పెంచిన మనిషిని చేజేతులా పందెంలో ఒడ్డాడు. మాటంటే మాటే. ఆ రోజూ మర్నాడూ ఆయన మాత్ర అన్న మాట ఎత్తలేదు, అన్నం సరిగ్గా తినలేదు. ముందుగదిలో కుట్టుమిషను చప్పుడు కాస్త ఆగితే చాలు, లేచి వెళ్లి గుమ్మంలోంచి తొంగిచూసేవాడు.

"ఏంట్రా?" అనేది అక్క.

"ఏం లేదు. గడియారం టైమెంతైందో చూద్దామని."

గడియారం ఆయన చేతికే ఉంది.

మంగళవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి పుస్తకం బల్ల మీద తెరిచి ఉంది. బీరువా తాళంచెవి ఎక్కడుంటుందో అక్కకు ముప్పై ఏళ్లుగా తెలుసట. ఆయన రాసిన దాని కిందే, కుట్టు టీచరు గుండ్రటి అక్షరాలతో, ఎడమ పేజీలో "నాకేం, బాగానే ఉన్నాను" అని ఉంది. కుడి పేజీలో "లేదు" అని ఉంది.

ఆయన ఆ పేజీ వైపు చూస్తూ నిలబడ్డాడు. వెనక అక్క వచ్చి నిలబడటం ఆయనకు తెలుసు, తిరగలేదు.

"నీ చెయ్యి అంత నమ్మకంగా చెప్పింది కదరా" అంది ఆవిడ. "నా చెయ్యీ అదే చెప్పింది, నింపింది నేనై ఉండి కూడా. అలాంటప్పుడు నా ఒళ్లు నిజమే చెబుతోందని ఏంటి నమ్మకం? అమ్మకీ తన ఒళ్లు అలాగే చెప్పుంటుంది."

యాభై రెండేళ్ల తర్వాత ఆ ఇంట్లో ఆ మాట బయటికి వచ్చింది. ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు.

"పందెం నేనే గెలిచాను, అది మాత్రం గుర్తుపెట్టుకో" అంది అక్క. "పద, డాక్టరమ్మ దగ్గరికి. ఆ బీపీ మిషనుకి సీలుందో లేదో ముందు నువ్వు చూడాలి."

డాక్టరమ్మ దగ్గర రెండు మిషన్లతో, రెండు చేతులకీ చూపించేదాకా ఆయన వదల్లేదు. నూట డెబ్బై ఎనిమిది. "నాకేం అనిపించడం లేదే" అంది అక్క. "అనిపించదమ్మా, అదే దీంతో వచ్చిన చిక్కు" అంది డాక్టరమ్మ.

ఇప్పుడు మాత్రల అట్ట ఆ రెండు డబ్బాల మధ్య ఉంటుంది. రోజూ పొద్దున అక్క ముందు వెల్లుల్లి నములుతుంది, అది మానమని ఎవరూ చెప్పలేదు కనక. ఆ వాసన పడకే అరగ్రాము ఆ వేళకి కిటికీ దగ్గర కూర్చుంటాడు. తర్వాత రెండు డబ్బాలూ రెండు చేతుల్లో ఎత్తి చూసుకుంటుంది.

"ఎలా ఉందక్కా?" అంటాడు తమ్ముడు, పేపరు వెనక నుంచి.

"ఇవాళా చిన్నదే బరువురా" అని, మాత్ర నోట్లో వేసుకుని, నూట ఎనభై మిల్లీలీటర్ల గ్లాసుతో నీళ్లు తాగుతుంది.