తలంటుకున్న ఆవకాయ

నా చిన్నప్పుడు చేసిన తెలివితక్కువ పనినే అరవై దాటాక మళ్లీ, ఇంకా శ్రద్ధగా చేశాను. వయసుతో బుద్ధి పెరుగుతుందంటారు. నాకు పెరిగింది కళ్లజోడు నంబరు ఒక్కటే.

మొదటిసారి హనుమాన్ జంక్షన్ దగ్గర మా ఊళ్లో. ఆవకాయ పెట్టే రోజున మా నాయనమ్మ తడి చేతులవాళ్లను వసారా ఎక్కనిచ్చేది కాదు. చుక్క నీళ్లు తగిలినా పచ్చడి బూజు పడుతుంది, ఏడాదంతా ఇంటిల్లిపాదికీ చప్పిడి అన్నమే. నేను సాయం చేద్దామని, దుమ్ము పడిందేమోనని, కొట్టిన మామిడి ముక్కల మీద చెంబెడు నీళ్లు గుమ్మరించాను. అందరూ నెత్తి బాదుకున్నారు. నాయనమ్మ మాత్రం పాత పంచె గుడ్డ నా చేతికిచ్చి, "తుడవరా అబ్బాయ్. బాగా ఆరిన ముక్క చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా పాట పాడుద్ది" అంది. తుడవడం, చెవి దగ్గర పెట్టుకోవడం, పాడకపోతే మళ్లీ తుడవడం. పొద్దువాలేసరికి ఒక్క ముక్కా పాడలేదు గానీ, ఒక్క ముక్కా పాడవనూ లేదు.

రెండోసారి లాక్‌డౌన్ వేసవిలో. బెంజ్ సర్కిల్ దగ్గర మా ఫ్లాట్లోకి వచ్చిన ప్రతిదానికీ నేనే తలంటు పోసేవాణ్ని. పాల ప్యాకెట్లు, వంకాయలు, ఒకసారి కరెంటు బిల్లు కూడా. కాయ దొరకడమే గగనమైన ఆ రోజుల్లో మా ఆవిడ ఎలాగో మామిడికాయలు సంపాదించి ముక్కలు కొట్టించి తెప్పించింది. ఎవరెవరు ముట్టుకున్నారోనని, ఆమె స్నానానికి వెళ్లగానే ముక్కలన్నీ సబ్బునీళ్లలో జాడించేశాను.

బయటికొచ్చి చూసింది. "మొత్తానికి ఏడాది ఆవకాయకి నీళ్లొదిలారన్నమాట" అని ఫోను తీసుకుంది. ఆవకాయ ఊరకముందే కబురు ఊరంతా తిరిగింది. గన్నవరంలో ఉండే మా బావమరిది వీడియో కాల్లోకి వచ్చి, "బావగారూ, కండిషనర్ కూడా పెట్టారా, సబ్బుతోనే సరిపెట్టారా?" అన్నాడు.

ముక్కల్ని మంచినీళ్లతో మళ్లీ మళ్లీ కడిగి, ఒక పంచె చించి, ఫ్యాను కింద కూర్చున్నాను. తుడుస్తూ తుడుస్తూ, తెలియకుండానే ఒక ముక్క చెవి దగ్గర పెట్టుకున్నాను.

"ఏమంటందండీ? లోపల కరోనా ఉందంటందా?" అంది మా ఆవిడ, గుమ్మంలోంచి.

నాయనమ్మ సంగతి చెప్పాను. నవ్వలేదు. ఇంకో గుడ్డ తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. కాసేపటికి తనూ ఒక ముక్కను చెవి దాకా తీసుకెళ్లి, నేను చూస్తున్నానని గమనించి, దుద్దు సర్దుకుంటున్నట్టు నటించింది.

జరిగిన పొరపాటు తిడితే ఆరదు, కూర్చుని తుడవాలి. పక్కన ఇంకొకరు కూర్చుంటే తొందరగా ఆరుతుంది. ఆ వేసవి మా ఇద్దరి భయమూ అలాగే ఆరింది. నాకు ఇప్పటికీ మిగిలింది అదే.

రోడ్లు తెరిచాక బావమరిది భోజనానికి వచ్చాడు. ముద్దపప్పులో ఆవకాయ కలుపుకుని, "ఇదెవరు పంపించారక్కా? ఇంత బాగా కుదిరింది ఈ మధ్య తినలేదు" అంటూ మళ్లీ మళ్లీ వేయించుకున్నాడు. మా ఆవిడ నావైపు ఒక చూపు చూసి, నెయ్యి గిన్నె అతని ముందుకు జరిపింది. ఇంటికి ఒక సీసా నిండా కట్టించుకున్నాడు కూడా. నేను లిఫ్టు దాకా వెళ్లి మర్యాదగా సాగనంపాను. తలుపులు మూసుకుంటుండగా అప్పుడు చెప్పాను.

"అవి నేను కడిగిన ముక్కలే బావా."