ఏలూరు గోడల మీద సలోమి

ఏలూరులో సలోమి లేని వీధి లేదు. పవర్‌పేటలో పసిబిడ్డకు పోలియో చుక్కలు వేయిస్తున్న తల్లి సలోమే. మునిసిపల్ బడి ప్రహరీ మీద పలక పట్టుకుని అ ఆలు దిద్దుతున్న అవ్వ, తల నెరిసిన సలోమి. సండేస్కూలు గదిలో బావి దగ్గర కడవతో నిలబడ్డ సమరయ స్త్రీ కూడా ఆవిడే. "ఆ సమరయ స్త్రీకి అయిదుగురు పెనిమిట్లమ్మాయ్, మీ ఆయన తెలిసే వేశాడా?" అని సువార్తమ్మ గారు ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ఆటపట్టిస్తూనే ఉంటుంది.

ఈ బొమ్మలన్నీ సలోమి మొగుడు నెహెమ్యా చేతివే. అక్షరాలు రాయడంలో అతనికి పేరుంది. పార్టీ నినాదమైనా, సిమెంటు ప్రకటన అయినా తాడు పట్టి గీసినట్టు ఉంటుంది. మగవాళ్ళ బొమ్మ కావాలంటే తలపాగా చుట్టి, వీపు తిప్పి నాగలి పట్టించేస్తాడు. ఆడమనిషి మొహం వేయమంటే మాత్రం కుంచె తనంతట తను కోలగడ్డం గీసి, గడ్డం మీద పుట్టుమచ్చ పెట్టి, ఎడమ చెంప మీద సొట్ట తీస్తుంది. తాడేపల్లిగూడెంలో బుచ్చిబాబు గారు తన బట్టల కొట్టు గోడకి భార్య లక్ష్మీకాంతం గారి బొమ్మ వేయమన్నారు. పట్టుచీర ఆవిడదే, వడ్డాణం ఆవిడదే, మొహం సలోమిది. లక్ష్మీకాంతం గారు ఆ ఏడు దసరాకి చీర పక్క కొట్టులో కొనుక్కుంది.

"నేనేం చెయ్యనండీ, కళ్ళు మూసుకుంటే ఇంకెవరూ కనపడరు" అంటాడు నెహెమ్యా. ఆ మాట విన్నప్పుడల్లా సలోమి "చాల్లెండి సంబడం" అని కసురుతుంది. కసిరాక ఆ పూట కూరలో ఇంకాస్త నూనె పడుతుంది.

ఫ్లెక్సీలు వచ్చి గోడల బేరం సగానికి సగం పడిపోయిన రోజులవి. ప్రభుత్వం వారి ప్రచారం పనులే నెహెమ్యాకి మిగిలాయి. ఆ ఏడాదే కొల్లేరు సరస్సుని ఆక్రమించిన చేపల చెరువుల గట్లు ప్రభుత్వం వారు కొట్టేశారు. సరస్సు బతకాలి, కాదనేవాళ్ళెవరు? కానీ పేదల సొసైటీల పేరు మీద చెరువులు తవ్వించి, లీజులకు తీసుకుని సంపాదించినవాళ్ళు అప్పటికే మేడలు కట్టుకున్నారు. పొక్లెయిన్లు వచ్చినప్పుడు గట్టు మీద నిలబడి ఏడ్చింది మాత్రం సొసైటీలో పేరున్న కూలివాడు. మండవల్లి దగ్గర సలోమి అన్నయ్య శామ్యూల్ అలాంటివాడే. వాళ్ళ సొసైటీ చెరువు నీళ్ళు సరస్సులో కలిసిపోయిన పూట నుంచీ వరికోతలకు పెంటపాడు దాకా పోతున్నాడు.

ఆ తర్వాత ఒక ఆఫీసు నుంచి నెహెమ్యాకి పని వచ్చింది. కైకలూరు రోడ్డు మీద పొడుగాటి ప్రహరీ. నీళ్ళూ, గూడబాతులూ, ఒడ్డున చేతులు జోడించి నవ్వుతున్న పల్లె పడుచు. కింద 'మా కొల్లేరు మాకు తిరిగొచ్చింది' అని రాయాలి. నెహెమ్యా వేశాడు. పడుచు ఎవరో చెప్పక్కర్లేదు. ఆ గోడ సలోమి ఉండే పేటకి దూరం. అందుకని ఆవిడ చూడలేదు.

చూసింది శాలిని. వట్లూరు కాలేజీలో లెక్చరర్. కాలేజీ పిల్లల్ని వెంటేసుకుని ఊళ్ళో గోడల బొమ్మలన్నీ కెమెరాతో తీస్తూ తిరిగింది. పాత చర్చీలూ, పాత మేడలూ చూపించే ఊళ్ళో గోడల బొమ్మలు ఎవరూ పట్టించుకోవడం లేదని ఆవిడ బాధ. తిరగ్గా తిరగ్గా ఆడవాళ్ళందరికీ ఒకటే పుట్టుమచ్చ ఉందని కనిపెట్టింది. ఆ మచ్చని పట్టుకుని వెతుక్కుంటూ సలోమి ఇంటికొచ్చేసింది.

"మీరేనాండీ! నిజంగా మీరే!" అని శాలిని గుమ్మంలోనే గెంతేసినంత పని చేసింది. సలోమి కొంగుతో గడ్డం దాచుకుంది గానీ టీ మాత్రం చిక్కగా పెట్టింది.

వారం తిరక్కుండా జిల్లా పేపర్లో 'గోడల మీద గృహలక్ష్మి' అని పడింది. ఫోటోలన్నిటిలోకీ పెద్దది కైకలూరు రోడ్డు మీది నవ్వే పడుచు. పేటంతా ఆ కాగితం పట్టుకుని ఇంటికొచ్చింది. సాయంత్రానికి పక్కింటివాళ్ళ ఫోన్‌కి శామ్యూల్ చేశాడు.

"ఏమ్మా, మా గట్టు తెగ్గొడితే నీకంత నవ్వొచ్చిందా?"

"అన్నయ్యా, నేనెక్కడ నవ్వాను? అది బొమ్మ."

"బొమ్మకి నోరుందిగా. ఊరంతా నన్నడుగుతున్నారు, మీ చెల్లెలికి కొల్లేరు తిరిగొచ్చిందంట కదా, మాకో దోసెడు పెట్టమనండీ అని. విను, దీవెన పెళ్ళికి నువ్వు రావద్దు. ఆ గోడ మీద నువ్వు నవ్వుతున్నన్నాళ్ళూ నా గుమ్మం ఎక్కొద్దు."

దీవెన శామ్యూల్ కూతురు. మేనత్త తొలి నలుగు పెట్టందే పెళ్ళికూతుర్ని చెయ్యరు. ఆ పిల్ల పుట్టిన నాటి నుంచీ సలోమి ఆ పీట దగ్గర నిలబడాలని చూస్తోంది. పెళ్ళి వచ్చే వారమే. ఫోన్ పెట్టేసి వచ్చి ఆవిడ నెహెమ్యాతో ఒకటే మాట అంది.

"తెల్లారగానే నా మొహం అక్కణ్ణించి తీసెయ్యండి."

తెల్లారింది. నెహెమ్యా డ్రమ్ముల మీద బల్ల వేసుకుని ఎక్కి మొహం చెరిపాడు. ముక్కు వెడల్పు చేశాడు. సలోమి. బుగ్గలు ఉబ్బించాడు. జ్వరమొచ్చి లేచిన సలోమి. పుట్టుమచ్చ తీసేసి దిగి బీడీ కాల్చుకుని వచ్చేసరికి చేతికి ఏమైందో, మచ్చ మళ్ళీ ఉంది. ఎదురుగా టీ బడ్డీ వెంకటనరసమ్మ నవ్వలేక చచ్చిపోతోంది. "ఏవండోయ్, ఈసారి మీ అత్తగారిలా వచ్చిందండీ! ఆవిడకో దణ్ణం పెట్టి దిగండి!"

పోనీ సున్నం కొట్టేద్దామంటే ఆఫీసు నుంచి సత్యనారాయణమూర్తి గారు ఆ సాయంత్రమే చూడ్డానికి వస్తారు. బొమ్మ లేకపోతే ఇక ఆ ఆఫీసు పని ఉండదు.

సలోమి కింద నిలబడి ఇదంతా చూసింది. చూస్తూ చూస్తూ వెంకటనరసమ్మ దగ్గర ఫోన్ తీసుకుంది.

"అన్నయ్యా, మా ఆయన వల్ల కావట్లేదు. నువ్వే వచ్చి నా మొహానికి సున్నం కొట్టు."

మధ్యాహ్నానికి శామ్యూల్ బస్సు దిగాడు. నిజంగానే చేతిలో సున్నం బక్కెట్టు. బస్సు కుదుపులకి ఒలికినట్టుంది, చొక్కా నిండా తెల్ల మరకలు. దిగీ దిగగానే బల్ల మీదున్న బావగారి మీద మొదలెట్టాడు.

"ఏం బావా, బుద్ధుందా నీకు? ఆ గట్టు మీద నేనూ నా పెళ్ళాం తట్టలు మోశాం. మా మీదే బొమ్మ వేసి నవ్విస్తావా? అయినా ఎవడు నవ్వాడయ్యా అక్కడ, చూపించు!"

నెహెమ్యా కుంచె డబ్బాలో పెట్టి బల్ల మీంచి దిగబోయాడు.

"ఏవండీ," అంది సలోమి. "కళ్ళు మూసుకుని వేస్తే నేనొస్తున్నాను. కళ్ళు తెరిచి మా అన్నయ్యని చూసి వెయ్యండి."

"ఆడమనిషిని కదా వెయ్యమన్నది?"

"వెయ్యండంటుంటే!"

నెహెమ్యా ఎప్పుడూ ఎవర్నీ ఎదురుగా పెట్టుకుని వేసినవాడు కాడు. ఒక గీత గీసి బావమరిది వైపు చూశాడు. శామ్యూల్ తిట్టడం ఆపలేదు. ఆ తిట్ల మధ్యే చెంపల గుంటలు వచ్చాయి, కంటి కింద ముడతలు వచ్చాయి, ఎండకి మాడిన నుదురు వచ్చింది. తిట్టి తిట్టి శామ్యూల్ ఒకసారి తల ఎత్తాడు. గోడ మీద తనే ఉన్నాడు. దణ్ణం పెట్టిన చేతులు పోయి, పక్కకి వేలాడుతున్న చేతులు. కాళ్ళ కింద తెగిన గట్టు. బక్కెట్టు కింద పెట్టాడు.

కాసేపటికి జీపు వచ్చింది. సత్యనారాయణమూర్తి గారు దిగి కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఏంటయ్యా ఇది? నవ్వే పడుచు ఏది? ఈ ముసలాయనెవరు?"

సలోమే ముందుకొచ్చింది.

"నమస్కారమండీ. నవ్వేవాళ్ళ కోసం చాలా చూశామండీ, దొరకలేదు. మీరు అటు కొల్లేరు పల్లెల్లోకి వెళ్ళి ఒకర్ని తీసుకురండి. ఎదురుగా కూర్చోబెట్టండి, మా ఆయన చూసి వేసేస్తాడు. ఇప్పుడు చూసి వెయ్యడం వచ్చేసిందండీ."

టీ బడ్డీ దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. సత్యనారాయణమూర్తి గారు గోడ మీది శామ్యూల్‌నీ, కింద నిలబడ్డ శామ్యూల్‌నీ మార్చి మార్చి చూశారు. "పక్షులు బాగున్నాయి" అన్నారు చివరికి. "ఆ కింద వాక్యం?"

"దానికి సున్నం తెచ్చామండీ" అంది సలోమి, అన్నయ్య బక్కెట్టు చూపించి.

ఆయన జీపెక్కారు. ఆ ఆఫీసు నుంచి నెహెమ్యాకి మళ్ళీ పిలుపు రాలేదు. అది నష్టమే. లేదని అబద్ధమాడటం ఎందుకు?

శామ్యూల్ స్వయంగా ఆ అక్షరాల మీద సున్నం కొట్టాడు. కొట్టి, వెనక్కి జరిగి, తన బొమ్మని చాలాసేపు చూశాడు.

"మీసం మరీ పల్చగా పెట్టాడమ్మా మీ ఆయన."

"ఉన్నదే వేశాడు."

"సర్లే." శామ్యూల్ చేతులు తుడుచుకున్నాడు. "శనివారం పొద్దున్నే వచ్చెయ్. నలుగుపిండి మీ వదినకి సరిగ్గా కలపడం రాదు. బావని కూడా తీసుకురా. పందిట్లో దీవెన పేరు రాయాలి."

"రాయడమేనా, బొమ్మ కూడా వెయ్యమంటావా?" అన్నాడు నెహెమ్యా బల్ల మీంచి, తెగించి.

అన్నా చెల్లెళ్ళిద్దరూ ఒకేసారి "వద్దు!" అన్నారు.