ఒక్క దెబ్బ అంటే ఆగమని

మా మోటార్‌హోమ్ వెనక కెమెరా మార్చడానికి నాకు ఏడాది పట్టింది. పని మాత్రం ఒక్క పూటది. నాలుగు స్క్రూలు, ఒక వైరు, నీళ్ళు దిగకుండా చుట్టూ పూసే జిగురు. ఇన్నాళ్ళూ ఎందుకు మార్చలేదంటే బిజీ అని చెప్పేవాణ్ణి. శుద్ధ అబద్ధం. కొత్తది తెస్తే పాతదానికేమైందని మా ఆవిడ అడుగుతుంది. అడిగితే చెప్పాలి. అదీ నా భయం.

ముందు బండి సంగతి చెప్పాలి. అరిజోనాలోని చాండ్లర్‌లో ఇల్లు కొన్న మూడో ఏట, రిటైరైన ఒక జంట దగ్గర ఈ పాత మోటార్‌హోమ్ కొన్నాను. మంచం, పొయ్యి, బాత్‌రూమ్ అన్నీ ఉన్న ఇల్లే, కాకపోతే కింద చక్రాలుంటాయి. "ఒక ఇల్లు ఊడ్చేసరికే నడుం పడిపోతోంది, ఇంకోటి ఎవరు ఊడుస్తారు?" అంది మా ఆవిడ. నేనేనన్నాను. ఇప్పటికీ తనే ఊడుస్తోంది. అంత పొడుగు బండిలో డ్రైవర్ సీట్లో కూర్చుంటే సరిగ్గా వెనక ఏముందో కనపడి చావదు. పైన బిగించిన కెమెరా, దాని బొమ్మ చూపించే చిన్న తెర, అవే దిక్కు. రెండూ బండితో పాటు ముసలివైపోయాయి. బొమ్మ పసుపు పూసినట్టు వచ్చేది. వస్తోంది కదా, చాల్లే అనుకున్నాను.

ఆ వేసవికి మా మామగారు వచ్చారు. ముప్ఫై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరయిన మనిషి. ఇక్కడ ఆయనకి ఏమీ తోచేది కాదు. బయటికెళ్దామంటే నిప్పులు చెరిగే ఎండ, లోపల కూర్చుంటే ఏసీ పడదు. బండిని చూశాక మాత్రం మొహం వెలిగింది. "రివర్స్ నేను చెప్తా బాబూ. మీరు స్టీరింగ్ చూసుకోండి" అన్నారు.

ఆయనకో పద్ధతి ఉంది. బండి వెనక ఒక పక్కగా నిలబడి అరచేత్తో బండి ఒంటి మీద కొడతారు. రెండు దెబ్బలంటే రమ్మని. ఒక్క దెబ్బ అంటే ఆగమని. అరుపులుండవు, కేకలుండవు. మొదటిరోజు మా డ్రైవ్‌వేలో ఒక్క దెబ్బ వినపడగానే ఆపి, దిగి చూశాను. గరాజ్ తలుపుకీ బండికీ మధ్య బెత్తెడు ఖాళీ. కావాలంటే చెయ్యి పెట్టి చూసుకోమన్నారు. చెయ్యి పెట్టాను, సరిగ్గా బెత్తెడే. పక్కింటాయన తన గుమ్మంలోంచి చూసి చప్పట్లు కొట్టాడు. మామగారు పట్టనట్టు లోపలికెళ్ళిపోయారు గానీ, భోజనాల దగ్గర ఆ చప్పట్ల సంగతి రెండుసార్లు చెప్పారు.

మరుసటి నెల ఫ్లాగ్‌స్టాఫ్ అవతల, పైన్ చెట్ల మధ్య ఒక క్యాంప్‌గ్రౌండ్‌కి వెళ్ళాం. మాకిచ్చిన చోటు ఇరుకు. వెనక మంచినీళ్ళ పంపు, ఇనప గొట్టం. మామగారు దిగి వెనక్కి వెళ్ళారు. రెండు దెబ్బలు. మళ్ళీ రెండు దెబ్బలు. నేను తెర చూస్తూ వస్తున్నాను. ఒక్క దెబ్బ.

వినపడింది. ఇవాళ ఎవరి మీద ఒట్టేయమన్నా వేస్తాను, స్పష్టంగా వినపడింది. కానీ తెరలో పంపు ఇంకా మూడడుగుల దూరంలో ఉంది. ముసలాయన కంగారుపడ్డాడులే అనుకున్నాను. అచ్చంగా ఆ మాటే అనుకున్నాను. బ్రేక్ మీద కాలు వెయ్యలేదు.

టెయిల్ లైటు పగిలింది, వెనక నిచ్చెన వంగింది, పంపు గొట్టం వాలిపోయి నీళ్ళు పైకి చిమ్మాయి. మామగారు నిలువునా తడిసిపోయారు. చుట్టుపక్కల క్యాంపుల్లోంచి జనం లేచి చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ఉక్రోషంలో దిగుతూనే, "ఆపమని చెప్పాలి కదండీ" అన్నాను.

ఆయన నా వైపు చూశారు. తర్వాత తన అరచేతి వైపు చూసుకున్నారు. "పొరపాటు నాదే బాబూ. కళ్ళు ఆనలేదు" అన్నారు.

అల్లుడి మాటకి ఎదురు చెప్పరు ఆయన. ఆ ఇంట్లో అంతే. నేను ఉప్పు ఎక్కువైందంటే తక్కువైన కూరలో కూడా ఎక్కువైపోతుంది. పెళ్ళయిన కొత్తలో అది నాకు నవ్వులాటగా ఉండేది. ఆ రోజు మాత్రం దాన్ని గొడుగులా వాడుకున్నాను. లోపల్నించి మా ఆవిడ తువ్వాలు పట్టుకొచ్చి, "కనపడనప్పుడు కనపడట్లేదని చెప్పొచ్చు కదా నాన్నా" అని విసుక్కుంది. ఆయన తల తుడుచుకుంటూ నిలబడ్డారు. నేను పంపు కట్టేసే మనిషిని పిలవడానికన్నట్టు అక్కణ్ణించి జారుకున్నాను.

రెండు వారాల తర్వాత బండిని ఇంటి పక్కకి పెడుతుంటే అసలు సంగతి తెలిసింది. వెనక సైడు గేటు దగ్గర మా ఆవిడ నిలబడినట్టు తెరలో కనపడుతోంది. ఆవిడ పరుగున వచ్చి నా కిటికీ మీద కొట్టింది. తెరలో ఇంకా గేటు దగ్గరే ఉంది. బొమ్మ మూడు నాలుగు సెకన్లు ఆలస్యంగా వస్తోంది. నేను చూసిన మూడడుగులు అప్పటికే అయిపోయిన మూడడుగులన్న మాట.

నేను కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో ఇంజనీర్ని. మెషీన్ ఆగినప్పుడు ఎవరైనా రిపోర్ట్‌లో ఆపరేటర్ తప్పు అని రాస్తే, "సెన్సర్ చెక్ చేశావా?" అని వాళ్ళ ప్రాణం తోడేస్తాను. ఆ నేనే ఆ సాయంత్రం ఇంట్లోకి వచ్చి, మామగారి ఎదురుగా కూర్చుని, ఆయన అందించిన పెరుగు వేసుకుని, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. రేపు చెబుదామనుకున్నాను. ఆ రేపు రాకుండానే ఆయన ఊరెళ్ళిపోయారు.

అక్కడికెళ్ళాక కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళారు. ఏ దోషం లేదన్నాడు. ఈయన నమ్మలేదు, ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్ళారు. ఆయనా అదే అన్నాడు. అయినా స్కూటర్ అమ్మేశారు. "ఎవరినైనా గుద్దితే పాపం కదమ్మా" అన్నారట. ప్రతి ఆదివారం మా ఆవిడ ఫోన్ స్పీకర్‌లో పెట్టి, "కళ్ళజోడు మార్చుకో నాన్నా, మొండితనం చెయ్యకు" అని కేకలేసేది. నేను పక్కనే కూర్చుని కూరలు తరిగేవాణ్ణి.

ఈ వేసవికి ఆయన మళ్ళీ వస్తున్నారని తెలిశాక కొత్త కెమెరా ఆర్డర్ చేశాను. చెప్పేద్దామని కాదు. ఆయన్ని మళ్ళీ బండి వెనక నిలబెట్టే అవసరం లేకుండా చేద్దామని. నా బుద్ధి అక్కడికే పోయింది.

ఒక శనివారం పొద్దున్నే, ఎండ ముదరకముందు, నిచ్చెన వేశాను. మామగారు కింద పట్టుకున్నారు. "మంచి పని చేస్తున్నారు బాబూ. నాలాంటి వాళ్ళని నమ్ముకుంటే కష్టం" అన్నారు. ఎత్తిపొడుపేమో అని కిందకి చూశాను. కాదు. మనస్ఫూర్తిగానే అన్నారు. నా చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

దిగాను. ఆయన్ని తీసుకెళ్ళి డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, పాత కెమెరా తెర ఆన్ చేశాను. "నేను వెనక నిలబడి చెయ్యెత్తుతాను, అదే సమయానికి కేకేస్తాను. తెరలో ఎప్పుడు కనపడుతుందో చూడండి" అన్నాను. వెనక్కి వెళ్ళి చెయ్యెత్తి, కేకేసి, దించాను. మళ్ళీ ఎత్తి కేకేశాను. లోపల ఆయన మొహం నాకు కనపడదు, అది కాస్త నయం. అలా నాలుగైదుసార్లు ఎత్తాక ముందుకి నడిచాను. ఆయన ఇంకా తెర వైపే చూస్తున్నారు.

"ఆ రోజు మీరు ఆపమని కొట్టారు మామయ్యగారూ. నాకు వినపడింది. దీన్ని నమ్మి ఆపలేదు. తప్పు మీది కాదు" అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినపడింది.

ఆయన తెర మీంచి చూపు తిప్పి తన అరచెయ్యి చూసుకున్నారు. "కొట్టానా?" అన్నారు. "మీరు చెప్పలేదన్నాక, కొట్టలేదేమో అనుకున్నా బాబూ. కొట్టానని అనిపించేది. కానీ మీరు అబద్ధం ఎందుకు చెప్తారు?"

తిట్టినా బాగుండేది. తర్వాత కిందకి దిగుతూ, "అమ్మాయితో అనకండి. అనవసరంగా మీ ఇద్దరికీ మాటా మాటా వస్తుంది" అన్నారు.

ఆ పూట కొత్త కెమెరా, దాని తెరా బిగించడం పూర్తి చేశాను. బొమ్మ అద్దంలా ఉంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన వద్దని సైగ చేస్తున్నా వినకుండా మా ఆవిడకి మొత్తం చెప్పేశాను. తను చారు గరిటె గిన్నెలోనే వదిలేసింది.

"ఏడాది పాటు ప్రతి సండే నేను ఆయన్ని తిడుతుంటే నువ్వు పక్కనే కూర్చుని విన్నావు" అంది. గొంతు పెంచలేదు. "స్కూటర్ అమ్మేశారు తెలుసా?"

తెలుసు. తను లేచి వాళ్ళ నాన్న పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆయన కంగారుగా, "ఊరుకోవే. అల్లుడుగారు భోంచేస్తున్నారు" అన్నారు. నేను కంచంలో చెయ్యి కడిగేశాను.

పోయిన వారం మళ్ళీ ఫ్లాగ్‌స్టాఫ్ వైపు వెళ్ళాం. ఈసారి చోటు వెడల్పుగానే ఉంది. నేను కొత్త తెర మీద తువ్వాలు కప్పి, "మామయ్యగారూ, మీరు చెప్తేనే రివర్స్ చేస్తాను" అన్నాను. కెమెరా ఉంది కదా బాబూ అన్నారు. నేను ఇంజిన్ ఆపి కూర్చున్నాను. కాసేపటికి దిగి వెనక్కి వెళ్ళారు.

రెండు దెబ్బలు. కొంచెం వెనక్కి వచ్చానో లేదో, ఒక్క దెబ్బ. ఎక్కడున్నది అక్కడే ఆపేశాను. దిగి వెనక్కి వెళ్ళి చూశాను. క్యాంప్‌గ్రౌండ్‌లో బళ్ళకి కరెంటు ఇచ్చే స్తంభానికీ బండికీ మధ్య ఆరడుగులుంది. ఒకప్పుడు బెత్తెడు చూసిన మనిషి.

ఆయన గబగబా నా దగ్గరికొచ్చి, "దెబ్బ వినపడిందా బాబూ?" అని అడిగారు.

"వినపడిందండీ" అన్నాను.

అక్కణ్ణించి మా కరెంటు వైరు స్తంభానికి అందదు. ఇంకో నాలుగడుగులు రావచ్చని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. నేను లోపలికెళ్ళి ఇంకో వైరు తెచ్చి జత చేశాను.