రాజారత్నం పంతులు రాసిన పేర్లు

ఏపలగూడెం మిషను బడి పంతులు రాజారత్నాన్ని నానా తిప్పలు పెట్టింది ఆయన చేతిరాతే. తెలుగైనా ఉర్దూ అయినా చూసినవాళ్లు ముచ్చటపడేలా రాసేవాడు. మిర్యాలగూడెం చుట్టుపక్కల అంతటి దస్తూరీ మరొకరికి లేదని పేరుపడిపోయింది. పేరుపడ్డవాణ్ని వెతుక్కుంటూ నలుగురూ వస్తారు కదా, వచ్చారు.

నలభై ఏడులో నిజాం తరఫు రజాకార్లు వచ్చి, దొరల మీద తిరగబడ్డ సంఘంలో ఎవరెవరున్నారో రాసిమ్మన్నారు. కాదంటే ఏమవుతుందో వాళ్ల భుజాన తుపాకులే చెబుతున్నాయి. పంతులు బాగా ఆలోచించి, కలరాతో చచ్చిపోయిన ఎనిమిది మంది పేర్లు రాసిచ్చాడు. కొన్నాళ్లకు సంఘం దళం వచ్చి, ఊరి దొరకు కబుర్లు మోసేదెవరో రాయమంది. అవే ఎనిమిది పేర్లు రాశాడు. నలభై ఎనిమిది సెప్టెంబరులో భారత యూనియన్ సైన్యం దిగింది. పక్షం తిరక్కుండానే ఒక అధికారి వచ్చి, సంఘానికి అన్నం పెట్టినవాళ్ల పేర్లు కావాలన్నాడు. ఆ ఎనిమిది మందే మళ్లీ అన్నం పెట్టారు. ముగ్గురూ దస్తూరీ బాగుందని మెచ్చుకుని వెళ్లారు. బతికున్నవాడి వెంట్రుక కూడా రాలకుండా మూడు రాజ్యాలు దాటించానని పంతులు లోలోపల మురిసిపోయాడు.

ఊరి రాజకీయాభిప్రాయం కూడా చాలా స్థిరమైనది. ఊళ్లోకి ఎవరొస్తే వాళ్లదే రాజ్యమని ఏపలగూడెం ఎప్పుడూ ఒప్పుకునేది. కాకపోతే వచ్చినవాళ్లు ఎవరో తేల్చుకునేదాకా చేలగట్ల వెనక దాక్కునేది.

నలభై తొమ్మిదిలో ఒకరోజు రెవెన్యూ గిర్దావరు చంద్రమౌళి వచ్చాడు. కోదాడ మనిషి, తాలూకా కచేరీలో కొత్తగా చేరాడు.

"ఎన్నికలు రాబోతున్నాయి పంతులుగారూ. ఇరవై ఒక్కేళ్లు దాటిన ఆడా మగా అందరి పేర్లూ రాయాలి. ఇక రాజ్యం ప్రజలదే!"

"నన్ను వదిలెయ్యండి బాబూ. ఈ ఊళ్లో నేను చాలా రాశాను."

"అందుకేగా మిమ్మల్ని అడిగేది. రాయకపోతే బడి మూతబడుద్ది మరి," అన్నాడు చంద్రమౌళి, ప్రజారాజ్యం సంగతి ఇంకా నోట్లో ఉండగానే.

మర్నాడు కావలికారు బుచ్చయ్య డప్పు కొట్టాడు. "పంతులు పేర్లు రాస్తడంట! అందరు ఇండ్లల్లనే ఉండాలె!" డప్పు ఆగేసరికి ఊళ్లో కోళ్లు తప్ప ఏమీ మిగల్లేదు. పంతులుకు ముందుగా దొరికింది వడ్రంగి పెంటయ్య. మంచం కింది నుంచి కాళ్లు కనబడ్డాయి.

"పెంటయ్యా, నీ పేరు రాస్తున్నా."

"పెంటయ్య లేడు సారూ. నేను ఆయన తమ్ముణ్ని. పెంటయ్య పోయిండు."

"నిన్న మా బడి తలుపు బాగుచేసిందెవరయ్యా?"

"ఆయనే సారూ. తలుపు చేసొచ్చి, మాపటికే పోయిండు."

చివరి ఇంటి ముందు దుర్గమ్మ కందులు చెరుగుతూ కూర్చుంది. మొగుడు ఈరయ్య కలరాలో పోయాక ఒంటరిగా కూలికి పోయి బతుకుతున్న మనిషి. పంతులు వస్తుంటే లేవలేదు, పారిపోలేదు.

"ఈసారి ఎవరికి రాస్తున్నవ్ పంతులూ?"

"ఎవరికీ కాదవ్వా. ఓటు కోసం. పాలించేవాళ్లను నువ్వే ఎన్నుకోవచ్చు."

"నా మొగుణ్ని మూడుసార్లు రాసినవ్."

పంతులు కలానికి మూత పెట్టాడు.

"రజాకార్లొచ్చి ఈరయ్య ఏడని ఇల్లు తవ్విండ్రు. సచ్చిండంటే నమ్మలె. సంఘపోళ్లొచ్చి యాడ దాసినవని గడ్డివామి చిందరవందర చేసిండ్రు. మిలట్రోళ్లైతే ఇగో," అని ఎడమ చెయ్యి చాపింది. మణికట్టు దగ్గర ఎముక వంకరగా అతుక్కుంది. "సచ్చినోడికేం, హాయిగ పండుకున్నడు. జవాబు జెప్పింది నేను."

తన తెలివికి తాను మురిసిపోయిన రోజులన్నీ పంతులుకు ఒక్కసారి గుర్తొచ్చాయి. ఆ ఎనిమిది మందికీ ఇళ్లున్నాయనీ, ఆ ఇళ్లలో మనుషులున్నారనీ ఇంత చదువు చదివినవాడికి తట్టనే లేదు. "తెల్వక రాసిన అవ్వా," అన్నాడు ఆమె భాషలోనే. పైకండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

"ఏడ్వకు. ఈసారి నా పేరు రాయి. దుర్గమ్మ. ఈరయ్య పెండ్లామని రాస్తే ఊకోను. నేను బతికున్న. ఎవడొచ్చినా నేనే మాట్లాడ్త."

మూడు రోజులు తిరిగి పంతులు ఒక్క పేరుతో కచేరీకి వెళ్లాడు. చంద్రమౌళి కాగితం తిప్పి చూసి, "ఒక్క పేరా? పైవాళ్లకి ఏం చూపించాలి?" అని తలపట్టుకున్నాడు. తర్వాత తనే ఉపాయం చేశాడు. జాబితాలో ఉన్నవాళ్లకు రేషను మీద కంట్రోలు బట్ట ఇస్తారని బుచ్చయ్యతో డప్పు కొట్టించాడు.

ప్రజాచైతన్యం పొంగిపొర్లింది. నూట డెబ్భై మంది పెద్దవాళ్లున్న ఊళ్లో ఒక్కరోజులో మూడు వందల పన్నెండు మంది ఓటర్లు తేలారు. పెంటయ్య బతికొచ్చాడు, తమ్ముణ్ని కూడా రాయించాడు. పాలు మరవని పసివాళ్లకు ఇరవై ఒక్కేళ్లు నిండాయి. ఆడవాళ్లను మాత్రం మొగుళ్లు 'మా ఇంటిది' అనే రాయించారు. జాబితాలో చేరిన చచ్చినవాళ్ల పేర్లు పంతులు కొట్టేయబోతే చంద్రమౌళి అడ్డుపడ్డాడు. "ఉండనివ్వండి పంతులుగారూ, లెక్క నిండుగా ఉంది," అని కట్ట తీసుకుని వెళ్లిపోయాడు. ఏపలగూడెం రాజకీయంగా మేల్కొన్నదని పైకి రాశాడట.

బట్ట రాలేదు. ఆ ఏడాది ఎన్నికలూ రాలేదు. బట్ట రానందుకు ఊరు పంతుల్ని తిట్టింది, ఎన్నికలు రాలేదని మాత్రం ఎవరూ గమనించలేదు. దుర్గమ్మ ఒక్కతే ప్రతి ఆదివారం బడి దగ్గరికి వచ్చి, ఓటు ఎప్పుడని అడిగేది. పంతులు ఆమెకు బెంచీ వేసి, ఓటు ఎట్లా వేస్తారో తనకు తెలిసినంత చెప్పేవాడు. ఒకనాడు ఉండబట్టలేక అడిగాడు.

"ఇంతకూ ఎవరికేస్తవ్ అవ్వా?"

దుర్గమ్మ ఆయన జేబులోని కలం వంక చూసింది.

"నీకెందుకు పంతులూ? రాసుకుంటవా?"