లోపలే ఉన్న తాళం

మా వియ్యంకుడుగారు పోయారు. ఈ మాట ఫోనులో చెబితే తెనాలిలో ఉన్న మా చెల్లెలు "ఏ వియ్యంకుడే?" అంది. నాకున్నది ఒక్క కొడుకు, ఒక్క కోడలు. ఆ కోడలి తండ్రి తప్ప నాకు ఇంకో వియ్యంకుడెక్కడి నుంచి వస్తాడు? కంగారులో అలా అడిగిందిలెండి. చలికాలం మొదట్లో, హామిల్టన్ ఊరంతా పొగమంచులో మునిగి ఉన్న ఒక పొద్దున, కోడలు టీ కప్పు పట్టుకుని పెరట్లో ఉన్న ఆయన గది తలుపు తీసింది. ఆయన పక్కకు తిరిగి పడుకుని ఉన్నారు. కప్పు అలాగే పట్టుకుని వంటింట్లోకి తిరిగొచ్చి "అత్తయ్యా, నాన్న లేవట్లేదు" అంది. ఆ టీ మీద ఆవిరి ఇంకా లేస్తూనే ఉంది. నేను ముందు దాన్నే చూశాను. ఆమె మొహం చూడటానికి ధైర్యం చాలలేదు.

మన తెలుగు సంఘం పత్రికకు ఆయన గురించి నాలుగు మాటలు నన్నే రాయమంది కోడలు. నేను చదివింది అయిదో తరగతి. తప్పులుంటే మీరే సర్దుకుని చదువుకోండి.

ఆయన కర్నూలువారు. పోలీసు శాఖలో తుపాకులు విప్పి, శుభ్రం చేసి, బాగుచేసే పనిలో ఉండి రిటైరయ్యారు. భార్య పోయాక కూతురి దగ్గరికి వచ్చారు గానీ కూతురింట్లో ఉండటమంటే ఆయనకు మొహమాటం. అందుకని పెరట్లో విడిగా ఉన్న గదిలో, ఇక్కడివాళ్ళు స్లీపౌట్ అంటారే, అందులో సర్దుకున్నారు. భోజనానికి పిలిస్తే "ఇప్పుడే తింటి" అనేవారు. ఎక్కడ తిన్నారో ఎవరికీ తెలీదు. ఆయన గదిలో బిస్కట్లు తప్ప ఏమీ ఉండేవి కావు. నేను గట్టిగా "అన్నయ్యగారూ, మీరు రాకపోతే నేనూ తినను" అంటే అప్పుడు చెప్పులు విడిచి లోపలికి వచ్చేవారు.

ఆయనకు కొన్ని అలవాట్లుండేవి. కత్తెర అడిగితే పిడి మనవైపు తిప్పి ఇచ్చేవారు. ఎవరినీ వేలితో చూపించేవారు కాదు, అరచెయ్యి మొత్తం చాచేవారు. టీవీ రిమోటును కూడా గోడవైపు తిప్పి పెట్టేవారు. టీ తాగాక కప్పు నా ముందు వంచి, ఖాళీ అని చూపించి, అప్పుడు సింకులో పెట్టేవారు. మొదట్లో ఇంకొంచెం పొయ్యమంటున్నారనుకుని నేను మళ్ళీ పోసేదాన్ని. పాపం, మాట్లాడకుండా తాగేవారు. చాలా రోజుల తరవాత కోడలు చెప్పింది, అది తుపాకి ఖాళీ అని ఎదుటివాళ్ళకు చూపించే అలవాటు అని.

నేనేమో భయాల పుట్టని. హీటరు ఆపామా లేదా, పొయ్యి కట్టేశామా, నది ఒడ్డున నడిస్తే కాలు జారుతుందేమో, మనవరాలు ట్రాంపోలిన్ మీద ఎగిరి మెడ విరగ్గొట్టుకుంటుందేమో. తలుపు తాళం వేసి నాలుగడుగులు నడిచి, మళ్ళీ వెనక్కి వెళ్ళి లాగి చూస్తాను. మా అబ్బాయి కారులో కూర్చుని హారన్ కొడతాడు. ఆయన మాత్రం నాతో పాటు కారు దిగి వచ్చి, తనూ ఒకసారి లాగి చూసేవారు. "చూసి నమ్మొద్దు చెల్లెమ్మా, చెయ్యి పెట్టి నమ్మాల" అనేవారు. అలాగని ఏడిపించకుండా ఉండేవారా అంటే అదీ లేదు. పొద్దున్నే పెరట్లో కనబడగానే "ఈపొద్దు దేనికి భయపడదాం చెల్లెమ్మా?" అనేవారు. నాకు కోపం వచ్చేది. ఇప్పుడు ఏ పొద్దునా ఎవరూ అడగరు.

అసలు సంగతికి వస్తాను. మా కోడలు ఒకసారి ఆఫీసు స్నేహితులతో కలిసి ఊరి బయట ఉన్న పిస్టల్ క్లబ్బుకు వెళ్ళింది. సరదాకి వెళ్ళిన పిల్ల వదల్లేకపోయింది. చెయ్యి కదలదట, తండ్రి చెయ్యేనట. నెలల తరబడి ఆదివారాలు వెళ్ళి నేర్చుకుంది. ఒకరోజు అన్నం తింటూ "నా సొంత రివాల్వర్ కొనుక్కోవాలత్తయ్యా" అంది. ఎనిమిదేళ్ళ పిల్ల తిరిగే ఇంట్లో తుపాకీనా?

ఈ దేశంలో అది అంత తేలిగ్గా ఇవ్వరు. క్లబ్బువాళ్ళు మనిషి మంచిదని చెప్పాలి. ఇంట్లో గోడకు బిగించిన ఇనప్పెట్టె ఉండాలి. లైసెన్సువాళ్ళు వచ్చి పెట్టె చూస్తారు, ఇంట్లోవాళ్ళతో విడిగా మాట్లాడతారు. అంటే నన్నూ అడుగుతారన్నమాట. నేను వద్దంటే అది ఆగిపోవచ్చు. కోడలు ఆ మాట నాతో అనలేదు. మా అబ్బాయి అన్నాడు. "అమ్మా, నీ చేతిలో ఉంది" అని. అప్పటినుంచి నాకు అన్నం సహించలేదు.

పైగా కోడలు నన్ను ఊరడించబోయి ఇంకా భయపెట్టింది. "కొత్త రివాల్వర్లకు తాళం లోపలే ఉంటుందత్తయ్యా, మీరేం కంగారు పడకండి" అంది.

తాళం లోపలే ఉంటే కంగారు పడకుండా ఎలా ఉంటాను? మా ఇంట్లో తాళం అంటే తాళమూ తాళమే, తాళంచెవీ తాళమే. "తాళం మేకుకి తగిలించు" అంటాం, "తాళం వెయ్యి" అంటాం. తాళం దాంట్లోనే వదిలేస్తే ఇక దానికి తాళమెందుకు? పిల్ల తిప్పితే చాలదూ? ఎన్ని రోజులు ఈ మాట మనసులో నలుపుకున్నానో. బట్టలు ఆరేస్తున్నా అదే, పప్పు ఏరుతున్నా అదే. కళ్ళు మూస్తే బీరువాకి చెవి వేలాడుతున్నట్టు ఆ తుపాకికి కూడా ఒక చెవి వేలాడుతూ కనబడేది, గాలికి ఊగుతూ.

ఒక పొద్దున పెరట్లో ఆయన మామూలుగా "ఈపొద్దు దేనికి?" అనగానే ఏడుపొచ్చేసింది. "అన్నయ్యగారూ, తాళం లోపలే పెట్టి అమ్మే తుపాకి ఏం తుపాకండీ? మీరైనా చెప్పొద్దూ మీ అమ్మాయికి?" అన్నాను.

ఆయన నవ్వారు చూడండీ, మంచులో పక్కింటి కంచె మీద ఉన్న పిట్టలన్నీ లేచిపోయాయి.

"లోపల ఉండేది చెవి గాదమ్మా, బీగం! బీగం తుపాకి లోపల్నే కట్టి పెట్టినారు. చెవి నీ కోడలి దగ్గర ఉంటాది."

"బీగమా?"

"మీరు తాళం అంటారే, అదే. మీ గుంటూరోళ్ళు రెండిటికీ ఒకే పేరు పెట్టుకోని మా ప్రాణం తీస్తారు."

"మాది గుంటూరు కాదు, తెనాలి" అన్నాను.

"ఇంగా మేలు" అన్నారు.

తరవాత నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పారు. తుపాకి పక్కన సూది బెజ్జంకన్నా కొంచెం పెద్ద రంధ్రం ఉంటుందట. అందులో చిన్న చెవి పెట్టి తిప్పితే లోపల ఒక రేకు లేచి, వెనకుండే సుత్తిలాంటి ముక్కని కదలకుండా పట్టుకుంటుంది. సుత్తి కదలకపోతే గుండు పేలదు. పాత రివాల్వర్లకు ఇది లేదు. నా గుండెల మీది బరువు సగం దిగింది. అయితే లోపలి తాళం ఉన్నదే కొనమందాం అనుకున్నాను.

కోడలేమో పాతదే కావాలంది. క్లబ్బులో ఒకాయన తన పాతది అమ్ముతానన్నాడట. "కొత్తవి కాల్చినప్పుడు ఆ అదురుకి తాళం దానంతటదే పడిపోతుందని క్లబ్బులో అంటున్నారు నాన్నా. మ్యాచ్ మధ్యలో లాక్ అయిపోతే నా పరువేం కాను?"

"ఎవురు చూసినారు పడింది?"

"చూశామనేవాళ్ళు లేరు. విన్నామనేవాళ్ళే."

"అట్లయితే నేను చూడాల" అన్నారాయన.

ఆ ఆదివారం నన్నూ తీసుకెళ్ళారు. నేను కారు అద్దాలన్నీ ఎత్తేసి లోపలే కూర్చున్నాను. క్లబ్బులో అలాంటి తాళం ఉన్న రివాల్వర్ ఒకటుందట. అక్కడి పెద్దాయన పక్కనే నిలబడి ఉండగా మా వియ్యంకుడుగారు దాన్ని కాల్చారు, నింపారు, మళ్ళీ కాల్చారు. అద్దం మీద నా ఊపిరి కమ్ముకుంటే చేత్తో తుడుచుకుంటూ చూశాను. ఇంట్లో ఎప్పుడూ ఒదిగి నడిచే మనిషి అక్కడ నిటారుగా నిలబడ్డారు. వయసు ఎక్కడికో వెళ్ళిపోయింది. మంచు పలచబడి, ఎండ ఆయన తెల్లజుట్టు మీద పడి, ఎవరో తెలియని కుర్రాడిలా కనిపించారు. అది కలలో చూశానా అనిపిస్తుంది ఒక్కోసారి.

తిరిగొచ్చేటప్పుడు ఒక డెయిరీ దగ్గర, ఇక్కడ వీధి చివరి కొట్టుని అలాగే అంటారు, ఆగి పాలు, బ్రెడ్డు కొన్నాం. కారు పక్కన నిలబడే కోడలు అడిగింది. "ఏం తేల్చావు నాన్నా? పడిందా?"

"నాకు పడలేదు. పడదని మాత్రం నేను రాసియ్యను. ఏ యంత్రానికైనా ఒక పొద్దు బుద్ధి తిరగొచ్చు. పడితే ఏమయితాది? గుండు బయటికి రాదు. నువ్వు దాన్ని ముందుకే పట్టుకోని, ఇంగో చెయ్యెత్తి నిలబడతావు. ఆ ఆట పోతాది. డ్యూటీలో ఉండే పోలీసోనికైతే నేను ఆలోచిస్తా. నీకెదురుగా ఉండేది గురి పెట్టే అట్ట, పాపా. అట్ట నిన్ను తిరిగి కాల్చదు."

"అందరి ముందూ చెయ్యెత్తి నిలబడాలా?"

"నిలబడు. మీ అమ్మ వంట మాడ్చిన దినం నేను చుట్టాల ముందర నిలబడలేదా?"

కోడలు నవ్వేసింది. కొత్తదే కొందామని ఆ రోజే తేలిపోయింది. నేను గెలిచినట్టు సంబరపడుతుంటే ఆయన నావైపు తిరిగారు.

"చెల్లెమ్మా, నువ్వు కూడా ఆ లోపలి తాళాన్ని నమ్మొద్దు."

"అదేంటన్నయ్యగారూ! మరి దేన్ని నమ్మను?"

"అది ఉంటే ఉండనీ, చెడ్డ లేదు. అది ఉందని మాత్రం తుపాకిని బల్ల మీద పెట్టగూడదు. ఇనప్పెట్టెలో ఉండాల, గుండ్లు వేరే చోట ఉండాల. తీసినప్పుడల్లా, పెట్టినప్పుడల్లా ఖాళీనా అని ఎవురో ఒకరు అడగాల. ఈ ఇంట్లో అంత విసుగు లేకుండా అడిగేదెవురు? నువ్వే. నీ భయాన్ని ఆ పనికి పెట్టు. ఊరికే అన్నం మానుకుంటే ఏం లాభం?"

నా భయానికి కూడా ఒక ఉద్యోగం ఉంటుందని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. అందరూ భయపడకు అనే అన్నారు, మా ఆయనతో సహా.

లైసెన్సువాళ్ళు రాకముందే ఆయన వెళ్ళిపోయారు.

కర్మలు అయిపోయాక కోడలు ఆ మాటే ఎత్తలేదు. ఆదివారాలు ఇంట్లోనే ఉండేది. చెయ్యి ఊరికే ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి స్లీపౌట్ వైపు చూస్తూ కూర్చునేది. ఒక మధ్యాహ్నం "రేపు లైసెన్సువాళ్ళు వస్తారట. క్యాన్సిల్ చేసేస్తాలెండి అత్తయ్యా. మీకూ భయం తప్పుతుంది. నాన్న లేకుండా నాకెందుకిది" అంది.

సరే అంటే అయిపోయేది. నోటిదాకా వచ్చింది. ఆ ఒక్క మాటతో ఇంట్లోకి తుపాకి రాదు, నాకు నిద్ర వస్తుంది. కానీ ఆ పిల్ల ఒళ్ళో పడున్న చేతుల్ని చూశాను. తండ్రి చేతులే అవి. ఆయన మిగిల్చి వెళ్ళింది అవే. వాటిని కూడా ఊరికే కూర్చోబెడితే ఎలా? "రానీ అమ్మా, అడగనీ. చెప్పేది నేను చెబుతాను" అన్నాను.

వచ్చినావిడ నా వయసుదే. కోడల్ని బయటికి పంపి, ఫోనులో ఒక తెలుగమ్మాయిని కలిపింది, మాట మార్చి చెప్పడానికి. ఆ అమ్మాయిది తెలంగాణ. "పెట్టె చాబి ఎవరి దగ్గరుంటదమ్మా?" అంది. చాబి! ఎంత హాయిగా ఉందో ఆ మాట. తాళానికి ఒక పేరు, చెవికి ఒక పేరు. నాకు గందరగోళమే లేదు.

"చాబి మా కోడలి దగ్గరే ఉంటుంది. నాకు కూడా ఇవ్వదు" అన్నాను.

"మీరు సంతోషంగ ఒప్పుకుంటున్నరా అని అడుగుతున్నరు."

ఆయన ఉంటే ఏం చెప్పమనేవారో నాకు తెలుసు. ఉన్నది చెప్పమనేవారు.

"నాకు భయమే అని చెప్పు తల్లీ. ఎప్పుడూ ఉంటుంది. కోడలు తుపాకి తీసిన ప్రతిసారీ, పెట్టిన ప్రతిసారీ ఖాళీనా అని అడుగుతాను, విసుక్కున్నా అడుగుతాను. అలా అడగనిస్తానంటే నాకు ఒప్పుదల. మా కోడలు అడగనిస్తుంది."

ఆ అమ్మాయి అదంతా ఇంగ్లీషులో చెప్పింది. లైసెన్సావిడ కుర్చీలో వెనక్కి వాలి ఏదో అంది. ఫోనులో అమ్మాయి నవ్వింది. "వాళ్ళమ్మ కూడ గిట్లనే అడిగేదంట అమ్మా, వాళ్ళ నాన్నని, వేటకి పోయి వచ్చినప్పుడల్ల."

అనుమతి వచ్చింది. వసంతం వచ్చాక, ఒక ఆదివారం పొద్దున కోడలు తన కొత్త రివాల్వర్ తీసుకుని క్లబ్బుకి బయల్దేరింది. ఈసారి నేను కారులో కూర్చోలేదు. చెవులకు పెద్ద డిప్పలు తగిలించుకుని, కంచె బయట బల్ల మీద కూర్చున్నాను. లోకమంతా దూదిలో చుట్టినట్టయింది. ఎక్కడో దూరంగా బియ్యం బస్తా దించినట్టు ఒక్కో చప్పుడు వస్తోంది. కోడలి భుజం కదలడం లేదు. ఊపిరి మాత్రం తెల్లగా లేచి కరిగిపోతోంది. గుండ్లు ఆపే మట్టికట్టకు అవతల పొలంలో పొగమంచు మోకాళ్ళ ఎత్తున నిలిచింది, ఆవులు కాళ్ళు లేకుండా తేలుతున్నట్టున్నాయి. మొదటి చప్పుడుకి అవన్నీ ఒక్కసారి తలలెత్తాయి. తరవాత ఒక్కొక్కటే మళ్ళీ మంచులోకి తలలు దించుకున్నాయి. ఒక దూడ మాత్రం చెవులు నిక్కబొడుచుకుని ఇటే చూస్తూ నిలబడింది, ఇంకా చూస్తూనే ఉంది.