ఒక్కరు మిగిలినా ఒప్పందం కాదు

వహాబ్ భాయ్‌కి ఒకటే జబ్బు. అందరూ ఒప్పుకున్నారని తేలేదాకా ఏ పనీ కానివ్వడు. "ఇంకెవరన్న మిగిలిండ్రా?" అని అడగందే వనపర్తిలోని ఆయన జిరాక్స్ షాపు నుంచి చాయ్‌కి కూడా కబురు వెళ్లదు.

"ఏం కూర వండాలె అని అడిగిన పాపానికి ఇంటిల్లిపాదిని కూసోబెట్టిండు. చిన్నోడు పండుకున్నడంటే, లేసేదాక ఆగుదమన్నడు," అని ఆయన భార్య ఇష్రత్ భాభీ ఓసారి నాతో మొత్తుకుంది.

"మరి ఏం వండినవ్ భాభీ?"

"ఏం వండుడు? పొద్దుగూకింది. హోటల్ల తెచ్చుకున్నం."

ఇలాంటి మనిషి ఏరికోరి నెత్తికెత్తుకున్న పని చూడండి. ప్రింటర్లను నడిపే సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా రాసి, ఎవరైనా చూసి మార్చుకోవచ్చని బయట పెట్టే బృందాలు నాలుగు. నాలుగింటివీ నాలుగు దారులు. ఒకచోట చక్కగా వచ్చిన కాగితం ఇంకోచోట సగానికి తెగుతుంది. అందరికీ ఒకే పద్ధతి కుదర్చాలని భాయ్ ప్రతి ఆదివారం ఆన్‌లైన్ మీటింగు పెట్టేవాడు. నోట్సు రాసేది నేను.

ఏడాదిన్నరకు నాలుగు బృందాలూ ఒక్క మాట మీదికొచ్చాయి. నేను "ఆమోదం" అని రాయబోయాను.

"ఆగు ప్రశాంత్. ఇంకెవరన్న మిగిలిండ్రా?"

"ఎవరు లేరు భాయ్!"

"జర చూద్దం. వచ్చే ఆదివారం పెట్టుకుందం."

వచ్చే ఆదివారం కరెంటు లేదన్నాడు. నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆపై ఆదివారం గొంతు పోయిందని, అదే గొంతుతో గంటసేపు వివరించాడు. ఒక బృందానికి పెద్ద అయిన అరుణ్‌కి ఒళ్లు మండింది.

"వచ్చే వారం తేల్చకుంటే మా తొవ్వ మాదే అన్నా!"

ఏడాదిన్నర కష్టం బూడిదలో పోసిన పన్నీరయ్యేలా ఉంది. బుధవారం భాయ్ బల్మూర్ బస్సెక్కుతుంటే నేనూ ఎక్కాను, దారంతా తిట్టడానికి. తిట్టాను కూడా. ఆయన కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నాడు.

బల్మూర్‌లో హెప్సిబాది చిన్న ప్రింటింగు షాపు. ఏళ్ల తరబడి కూలి చేసి కొన్న పాత ప్రింటరొక్కటే ఆమెకు ఆధారం. మా సాఫ్ట్‌వేర్‌ని వాడి చూసి చెప్పేవాళ్లలో ఆమె ఒకతె. మీటింగుకు వచ్చేది గానీ నోరు విప్పేది కాదు. కొత్త పద్ధతి వస్తే ఆ పాత ప్రింటరు పనిచేయదు. ఆమె ఒక్కతే "సరే" అనలేదని కనిపెట్టింది భాయ్ ఒక్కడే.

"నా ఒక్కదాని కోసం అందరి పని ఆపుడేందని అంటే ఇనడన్నా," అంది హెప్సిబా నాతో.

భాయ్ అప్పటికే నేల మీద కూర్చున్నాడు. కొత్త పద్ధతిలో వచ్చేదాన్ని పాత ప్రింటరుకు అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రాము రాస్తున్నాడు. మూడు వారాలుగా అదే పనట.

"ముందే చెప్తే ఏమైతుండె భాయ్?"

"ఆమెను కొత్తది కొనుక్కోమంటుండ్రి."

సాయంత్రానికి ఆ ప్రింటరు మూలిగి మూలిగి, ఎవరో పిల్ల హాల్ టికెట్‌ను బయటికి తోసింది. హెప్సిబా దాన్ని రెండు చేతులా పట్టుకుని నవ్వింది. దారంతా తిట్టినందుకు నాకు సిగ్గేసింది, ఆ పిచ్చి మనిషి మీద ప్రేమ పొంగుకొచ్చింది.

ఆదివారం మీటింగు ఒక్క నిమిషంలో ముగిసింది. "నాక్గూడ ఒప్పుదలనే అన్నా," అని హెప్సిబా మొదటిసారి నోరు విప్పింది.

"ఆలస్యమెందుకైందని రాయాలె భాయ్?" అని తర్వాత అడిగాను.

"నా చాదస్తమని రాయి. ఆమె పేరు రాస్తే సిగ్గువడి మల్ల నోరు తెరువది."

అలాగే రాశాను. నేను రాసిన నోట్సు మొత్తంలో అదొక్కటే అబద్ధం. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. వాళ్లంతా ఎప్పటినుంచో నమ్ముతున్నది అదే మరి.