ఆటలో చనిపోయినవాళ్ళను గోడవారకు చేర్చడం గురించి

2004 జూన్ 12, శనివారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. ఇంత కచ్చితంగా చెప్పగలగడానికి కారణం మా వంతుల పుస్తకం. తిరుపతిలో అలిపిరికి వెళ్ళే దారిలో ఒక మేడమీది గదిలో ముగ్గురం ఉండి ఎం.సి.ఏ. చదివేవాళ్ళం. ముగ్గురికీ కలిపి ఒకే కంప్యూటరు. అందులో ఒకే ఆటను, ఒకే వీరుడితో, గంటకొకరం చొప్పున ఆడేవాళ్ళం. ఎవరి వంతు ఎప్పుడు మొదలైందో పుస్తకంలో రాయాలన్నది నియమం. ఆ రోజు పది ఇరవైకి నా వంతు మొదలైంది.

ఆట ఒక పాత కోటలో జరుగుతుంది. వీరుడు ఒక్కొక్క గదిలో శత్రువులను ఓడించి, వాళ్ళ నడుముల్లోని తాళంచెవులు తీసుకుని ముందుకు పోవాలి. చనిపోయినవాళ్ళు పడినచోటే ఉండిపోతారు. మిగతా ఇద్దరూ తాళంచెవి దొరకగానే తలుపు తీసేవాళ్ళు. నేను మాత్రం ఒక్కొక్క శవాన్నీ మౌసుతో పట్టి ఈడ్చి, గోడవారకు చేర్చి, గది మధ్యభాగం ఖాళీ అయ్యాకే తర్వాతి తలుపు తెరిచేవాణ్ణి.

నా వెనక కుర్చీలో సత్యవేడు నుంచి వచ్చిన మిత్రుడు తన వంతు కోసం ఎదురుచూస్తున్నాడు.

“ఏమప్పా, వాళ్ళంతా నీ సుట్టాలా?” అన్నాడు.

“సుట్టాలైతే ఏడుస్తాడు కదబ్బా. ఇతను కూలికి చేస్తా ఉండాడు,” అన్నాడు మంచం మీద పడుకున్న చిత్తూరు మిత్రుడు.

దారికి అడ్డంగా ఉన్నారని నేను జవాబిచ్చాను.

“అడ్డమెట్లయితాది? మనోడు వాళ్ళ మింద నుంచే నడిసిపోతాడు. కాలు గూడా తగలదు,” అన్నాడు చిత్తూరు మిత్రుడు.

అది నిజమే. అయితే ఎవరి నడుము వెతికానో గుర్తు కోసం అన్నాను. అదీ నిలబడలేదు. ఖాళీ నడుమును ఆటే వేరే రంగులో చూపిస్తుంది.

“కోట బయటికి పోయి మళ్ళా వస్తే కంప్యూటరే అందర్నీ మాయం చేస్తాది,” అన్నాడు సత్యవేడు మిత్రుడు. “గంట వంతులో ముప్పావు గంట దీనికే పోయె. నువ్వెందుకు మోసేది?”

తెలియదన్నాను. పూర్తిగా తెలియదనడం మాత్రం నిజం కాదు.

మా నాయన పూతలపట్టు దగ్గర రోడ్డు గ్యాంగులో కూలీ. గుంతలు పూడ్చడం, తారు పోయడం, అంచుల్లో గడ్డి కొట్టడం ఆయన పని. లారీల కింద పడిన కుక్కలనూ గొడ్లనూ రోడ్డు మీద నుంచి తీసేదీ ఆయనే. గ్యాంగులో మిగిలినవాళ్ళు చాలామంది ముట్టరు. మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. గదిలో చేరిన రోజు “మా నాన్న రోడ్ల శాఖలో ఉన్నారు” అని చెప్పాను. వాళ్ళు ఓవర్సీరు అనుకున్నారు. నేను సరిచేయలేదు. అందులో అబద్ధమైన మాట ఒక్కటీ లేకుండా చూసుకుని కట్టిన వాక్యం అది. రెండేళ్ళుగా దాని మీదే నిలబడి ఉన్నాను.

వారమంతా ఆ ప్రశ్న నన్ను వదలలేదు. చనిపోయినవాళ్ళ పట్ల గౌరవమా అంటే, వాళ్ళను చంపింది నేనే. జాలి అనడానికీ మనసు ఒప్పలేదు. గది నడుమ ఒకడు పడి ఉంటే, పని సగంలో వదిలి వెళ్తున్నట్టు ఉండేది. అంతకు మించి తోచలేదు.

మరుసటి వారం, ఆదివారం నాడు, చిత్తూరు మిత్రుడు మా ఇద్దరినీ వాళ్ళింటికి భోజనానికి తీసుకువెళ్ళాడు. మామిడికాయల లారీలు వరసగా తిరిగే రోజులు. పూతలపట్టు ఇంకా రాకముందే బస్సు ఆగిపోయింది. ఏదో లారీ ఒక గేదెను గుద్ది పోయింది. అది రోడ్డుకు అడ్డంగా పడి ఉంది. ఇద్దరు కూలీలు తాడు కట్టి లాగుతున్నారు గాని కదలడం లేదు.

“నలుగురు దిగి సెయ్యేస్తే అయిపోతాది. లేకుంటే మద్యాన్నం దాకా ఈడే,” అన్నాడు కండక్టరు.

కిటికీ పక్కనున్న సత్యవేడు మిత్రుడు బయటికి చూసి నవ్వాడు. “సూడప్పా, నీ మాదిరే ఓరకు సేరుస్తా ఉండాడు ఆయప్ప. నీకు జత దొరికినాడు.”

తలపాగా చూడగానే నేను గుర్తుపట్టాను. మిత్రులిద్దరూ లేచి దిగారు. నేను కాసేపు సీటులోనే ఉన్నాను. దిగకపోతే నాయన నన్ను చూడకపోవచ్చు. చూసినా, ఆ సంగతి ఎన్నడూ ఎత్తడు. ఈ రెండోదాన్ని నేను తట్టుకోలేకపోయాను. దిగాను.

నాయన నన్ను చూశాడు. నా పక్కనున్న ఇస్త్రీ చొక్కాల వాళ్ళనూ చూశాడు. తాడు మీదికి తల వంచి, ఎవరో ప్రయాణికుడితో అన్నట్టు అన్నాడు:

“పక్కకుండు సార్. సొక్కాయి పాడయిపోతాది.”

నా వాక్యం గురించి ఆయనకు నేను ఎప్పుడూ చెప్పలేదు. వాళ్ళ పక్కన నేను నిలబడిన తీరులోనే ఆయన దాన్ని చదువుకున్నాడు. చదువుకుని, దాన్ని కాపాడబోయాడు.

“తాడు ఇట్లియ్యి నాయనా,” అన్నాను.

మిత్రులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత సత్యవేడు మిత్రుడు నా వెనక తాడు పట్టాడు. చిత్తూరు మిత్రుడు గేదె వీపుకు చేతులానించి నెట్టాడు.

తారు దాటగానే నేను ఆగబోయాను. నాయన ఆగనివ్వలేదు. మట్టి అంచు కూడా దాటించి, పొదల్లోకి పోకుండా, రోడ్డు మీది నుంచి కనిపించేచోట పెట్టించాడు. మడతపడిన ముందు కాళ్ళు సరిచేశాడు. మెడలోని గంట విప్పి, పక్కనున్న కిలోమీటరు రాయికి కట్టాడు. చిన్నప్పటి నుంచీ చూస్తున్న పనే అయినా, ఎందుకని అడగడం అదే మొదలు.

“సాయంత్రానికి బండి వచ్చి ఎత్తుకుపోతాది కదా నాయనా. ఇంత ఎందుకు?”

“గొడ్డుగలోడు ఎతుక్కుంటా వస్తాడు. నలిగిపోయి నడిరోడ్డున ఉంటే సూడగలడా? మనమేమన్నా బతికించినామా, వచ్చేటోడు సూసేదానికి ఒగ తీరుగా పెట్టినాము, అంతే. పో, బస్సు పోతాది.”

బస్సు మళ్ళీ కదిలింది. పాత ఓవర్సీరు మాటను వాళ్ళు ఎత్తలేదు.

చిత్తూరు మిత్రుడు అన్నాడు: “మా ఇంట్లో పండ్లు సంచికి ఏసిస్తా. తిరిగొచ్చేటప్పుడు ఈడ దిగి మీ నాయనకు ఇచ్చి రా. మేము గదికి పోతాంలే.”

ఆటలోని కోటకు వెతుక్కుంటూ వచ్చేవాడెవడూ లేడు. ఆ శత్రువులకు ఇల్లూ వాకిలీ లేవు. కానీ నా గంట ముగిశాక ఆ కుర్చీలో మరొకడు కూర్చుంటాడు. తెర మీద మొదట అతనికి కనిపించేది నేను వదిలివెళ్ళిన గదే. ఇదే పూర్తి జవాబని నేను అనను. ఒంటరిగా ఆడిన రోజుల్లో కూడా అలాగే చేశాను.

ఆ తర్వాత మారింది ఇది: కళాశాలకు వచ్చిన కంపెనీల కోసం ఆ ఏడాది నింపిన దరఖాస్తుల్లో, తండ్రి వృత్తి అన్న గడిలో, అంతకుముందు రాసే ‘ప్రభుత్వోద్యోగి’ బదులు ‘రోడ్డు గ్యాంగు కూలీ’ అని రాశాను. ఇప్పటికీ అలాగే రాస్తున్నాను.